అటక మీది ప్రాజెక్టు, కోహెన్ లెక్క

మొన్న అటక సర్దుతుంటే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టు దొరికింది. స్పైరల్ బైండింగు, ఒక మూల చెదలు కొట్టేసింది. హాస్టల్లో ఉండి చదివే ఇంటర్ పిల్లలకీ, రోజూ ఇంటి నుంచి వచ్చేవాళ్ళకీ పరీక్షల భయంలో తేడా ఉందా అన్నది టాపిక్కు. అటు 30 మంది, ఇటు 30 మంది. ఎందుకు 30 అంటే, "30 ఉంటే చాలమ్మా" అని గైడు గారు అన్నారు కాబట్టి. నిజానికి ఆ మాట మా సీనియర్లూ అన్నారు, జిరాక్సు షాపతను కూడా అనగలడు.

టీ టెస్టు (రెండు వర్గాల సగటుల్ని పోల్చే లెక్క) చేస్తే పి విలువ 0.05 దాటింది, అంటే అసలు తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం రావడం అంత అరుదేమీ కాదని. "రెండు వర్గాల మధ్య తేడా లేదు" అని ధీమాగా రాసేసి, మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

జేకబ్ కోహెన్ పేరు నాకు తెలిసింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి. న్యూయార్క్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసరాయన. 1962లో ఒక పేరున్న సైకాలజీ జర్నల్ 1960 సంపుటాన్ని ముందేసుకుని, ఒక్కో పరిశోధననీ ఒకటే అడిగాడు: నిజంగానే తేడా ఉందనుకుందాం, ఇంతమందితో అది నీకు కనబడే అవకాశం ఎంత? మధ్యరకం తేడా అయితే ఆ అవకాశం సగటున సగానికి కాస్త తక్కువ అని తేలింది. ఈ కనబడే అవకాశాన్నే పవర్ అంటారు. బొమ్మా బొరుసూ వేసుకున్నా అంతకంటే మెరుగే!

తేడా ఎంత పెద్దదో కొలవడానికి "డి" వాడాడు, అంటే రెండు సగటుల మధ్య తేడాని స్టాండర్డ్ డీవియేషన్‌తో (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలతతో) భాగిస్తే వచ్చేది. 0.2 చిన్నది, 0.5 మధ్యరకం, 0.8 పెద్దది. ఆయన పోలిక నాకు భలే నచ్చింది: 15, 16 ఏళ్ళ అమ్మాయిల ఎత్తుల్లో తేడా చిన్నది, 14, 18 ఏళ్ళ వాళ్ళ మధ్యది మధ్యరకం, అంటే చూస్తే తెలిసిపోయేంత. వేరే ఆధారం ఏదీ లేనప్పుడే ఈ అంకెలు వాడుకోమని ఆయనే చెప్పాడు. జనం ఆ మాట వదిలేసి అంకెల్ని మాత్రం ఎక్కాల్లా బట్టీ పట్టారు. (ఇద్దరు పరిశీలకుల మాట ఎంతవరకు కలిసిందో చెప్పే "కప్పా" అనే కొలత కూడా ఈయనదే, 1960లో. దాని గోల ఇంకోసారి.)

1969లో పవర్ మీద పుస్తకమే రాశాడు, నిండా పట్టికలు. దాన్ని ఉదహరించినవాళ్ళు లెక్కలేనంత మంది. పాటించారా? 1989లో సెడ్ల్‌మయర్, గిగరెంజర్ అనే ఇద్దరు పరిశోధకులు మళ్ళీ లెక్కేసి చూస్తే పవర్ ఏమీ పెరగలేదు. పలుకుబడి అంటే ఇదేనా అని నాకు ఒళ్ళుమండుతుంది. పేరు రిఫరెన్సుల్లోకి ఎక్కింది, లెక్క మాత్రం ఎవరి టేబుల్ మీదకీ రాలేదు.

అందుకే రిపోర్టు దులిపి, నా లెక్క నేనే వేసుకున్నాను. మధ్యరకం తేడాని 80 శాతం అవకాశంతో పట్టాలంటే ఒక్కో వర్గానికి 64 మంది కావాలి. నా 30తో అవకాశం 48 శాతం. "తేడా లేదు" కాదు, "నాకు కనబడలేదు" అని రాయాల్సింది.

ఆ రోజు ప్రశ్నావళి పట్టుకుని హాస్టల్ మెస్సులో కూర్చుంటే, 30 పూర్తయ్యాక కూడా పిల్లలు లైన్లో నిలబడే ఉన్నారు. "అయిపోయిందమ్మా, వెళ్ళిపోండి" అని నేనే పంపేశాను.