ముడతల చికిత్స, కొల్లాజెన్ లెక్క: నా అనుభవం

నవ్వు ఆగిపోయిన తరువాత కూడా కళ్ళ చివర గీతలు అలాగే నిలిచిపోతున్నాయని గమనించి చర్మవైద్యురాలిని సంప్రదించాను. ఆమె ముఖం కంటే ముందు నా చేతులు చూశారు. భుజం కింద లోపలివైపు చర్మాన్నీ, ముంజేతి పైవైపు చర్మాన్నీ వెలుతురులో పోల్చి చూడమన్నారు. రెండింటి వయసూ ఒకటే అయినా, ఎండ ఎరుగని చోట చర్మం నునుపుగా, ఒకే రంగులో ఉంటే, ముంజేతిమీద మచ్చలూ గరుకుదనమూ స్పష్టంగా కనిపించాయి. వయసు తెచ్చిన మార్పు ఎంత, ఎండ తెచ్చినది ఎంత అన్నది అలా నా ఒంటిమీదే తెలిసింది. చికిత్సకు ఎక్కువగా లొంగేది ఈ రెండవ రకమేనని ఆమె ముందే స్పష్టం చేశారు.

చర్మానికి బిగువునిచ్చే ప్రోటీను కొల్లాజెన్. అది ఉందని చెప్పే క్రీము ఒకటి నేను అప్పటికే వాడుతున్నాను. దాని గురించి అడిగినప్పుడు ఆమె చర్మం పొరల నుంచి మొదలుపెట్టారు. పైన ఉండే బాహ్యచర్మం చాలాచోట్ల మిల్లీమీటరులో పదోవంతు మందం మాత్రమే ఉంటుంది. దాని అడుగున పుట్టిన కణాలు పైకి జరుగుతూ, కెరటిన్ అనే గట్టి ప్రోటీనుతో నిండి, చివరికి పొట్టుగా రాలిపోతాయి. ఇందుకు సుమారు నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. కొల్లాజెన్ ప్రధానంగా ఉండేది ఈ పొరలో కాదు, దీని కింద ఉన్న అంతశ్చర్మంలో. తేమ తీసేసి తూచితే ఆ పొర బరువులో సుమారు 70 శాతం కొల్లాజెనే. దానిని తయారుచేసేవి అక్కడే ఉండే ఫైబ్రోబ్లాస్టు కణాలు. మూడు ప్రోటీను గొలుసులు తాడులాగా పెనవేసుకుని ఒక కొల్లాజెన్ అణువు అవుతుంది. ఈ మూడు పేటల నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారని తరువాత చదివి ముచ్చటపడ్డాను. పేటల నడుమ చోటు ఎంత ఇరుకంటే, ప్రోటీను గొలుసులో పూసల్లాంటి అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నదైన గ్లైసిన్ మాత్రమే అక్కడ ఇముడుతుంది, అందుకే గొలుసులో ప్రతి మూడవ స్థానమూ దానిదే.

అంత పొడవైన అణువు బరువు సుమారు మూడు లక్షల డాల్టన్లు (అణువుల బరువును కొలిచే ప్రమాణం డాల్టన్). ఆరోగ్యంగా ఉన్న చర్మం గుండా లోపలికి దిగాలంటే పదార్థం సుమారు 500 డాల్టన్ల లోపు ఉండాలన్నది చర్మవైద్యంలో వాడుకలో ఉన్న అంచనా. అంటే నా క్రీములోని కొల్లాజెన్ చర్మం పైనే ఉండి తేమను పట్టి ఉంచుతుందే తప్ప లోపలి కొల్లాజెన్‌తో కలవదు. తేమ కోసమైతే మామూలు మాయిశ్చరైజర్ చాలు కాబట్టి ఆ ఖరీదైన డబ్బా అయిపోయాక మళ్ళీ కొనలేదు. తాగే కొల్లాజెన్ పొడుల మాట వేరు. అవి కడుపులో చిన్న ముక్కలుగా, అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. కొన్ని ప్రయోగాల్లో స్వల్ప ప్రయోజనం కనిపించినా, వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది తయారీదారులే కావడంతో నేను వాటి జోలికి పోలేదు.

చర్మంలోని కొల్లాజెన్‌లో సగం మారడానికి సుమారు 15 ఏళ్ళు పడుతుందని అంచనా. ఇంత నిదానంగా తయారయ్యేదాన్ని కాపాడుకోవడమే మొదటి పని. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు చర్మకణాలు కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంజైములను విడుదల చేస్తాయి. ఈ కోవకు చెందిన ఎంజైమును 1962లో తొలిసారి గుర్తించింది చిరుకప్ప తోకలో. కప్పగా మారేటప్పుడు ఆ తోకను కరిగించే యంత్రాంగానికి మన ముడతలతో చుట్టరికం ఉందంటే నాకు నమ్మశక్యం కాలేదు. అతినీలలోహిత కిరణాల్లో యూవీఏ అనే రకం అంతశ్చర్మం వరకూ దిగుతాయి, మామూలు కిటికీ అద్దాన్ని కూడా చాలావరకు దాటుతాయి. 28 ఏళ్ళు లారీ నడిపిన ఒక వ్యక్తి ముఖంలో కిటికీ వైపు ఉన్న సగం మాత్రమే లోతుగా ముడతలు పడిన ఫొటో 2012లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. అది చూశాక ఇంట్లో కిటికీ పక్కన కూర్చునే రోజుల్లోనూ సన్‌స్క్రీన్ మానలేదు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో నాలుగున్నరేళ్ళ తరువాత చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉందని ఆస్ట్రేలియాలో 900 మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2013లో తేల్చింది. అయితే ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో తెలిపేందుకు డబ్బామీద రాసిన ఎస్‌పీఎఫ్ అంకె, చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున రాసి పరీక్షించినప్పటిది. ముఖానికీ మెడకూ రెండు వేళ్ళ పొడవునా పిండితే గానీ ఆ మోతాదు రాదు. నిజం చెప్పాలంటే, మొత్తం చికిత్సలో నాకు అన్నిటికంటే విసుగు పుట్టించినది ఈ జిడ్డే.

రెండవ పని ఫైబ్రోబ్లాస్టులను మళ్ళీ కొల్లాజెన్ తయారీకి పురికొల్పడం. ఇందుకు ఆమె రాసిచ్చింది ట్రెటినాయిన్, ఎండకు ముదిరిన చర్మం మీద ఇది పనిచేస్తుందని అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 1986లో ప్రకటించిన మందు. గర్భిణులు వాడకూడదు కాబట్టి ఆ సంగతి అడిగి నిర్ధారించుకున్నాకే చీటీ రాశారు. 0.025 శాతం క్రీమును బఠాణీ గింజంత, రాత్రి విడిచి రాత్రి, ముఖం బాగా ఆరిన తరువాత రాయాలి. మొదటి వారాల్లో ముక్కు పక్కనా గడ్డం మీదా చర్మం ఎర్రబడి పొట్టు లేచింది. అది మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు అని చాలామంది అంటారు గానీ, పొట్టు లేవడం బాహ్యచర్మంలోని చికాకు మాత్రమేనని, ఓర్చుకున్నంత మాత్రాన కొల్లాజెన్ ఎక్కువ రాదని వైద్యురాలు చెప్పారు. ముందు మాయిశ్చరైజర్ రాసి దానిమీద మందు రాయడం మొదలుపెట్టాక మంట తగ్గింది.

కొన్ని వారాలకు ముఖం నునుపుదేరితే సంబరపడ్డాను. అదీ పైపొర మార్పే. లోపలి పొర సంగతి తెలియాలంటే నెలలు పడుతుందని, అద్దాన్ని నమ్మకుండా నెలకొకసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఫొటో తీసుకోమని ఆమె చెప్పారు. ఆరు నెలలు దాటాక ఫొటోలను వరుసగా చూస్తే కళ్ళ చివర సన్నని గీతలు మెత్తబడ్డాయి. నుదుటి మీద లోతైన గీతలు మాత్రం కదల్లేదు. బుగ్గలు కాస్త జారడానికి చర్మం అడుగున కొవ్వు, ఎముక తగ్గడం కూడా కారణం కాబట్టి అది ఏ క్రీముకూ లొంగదు. సూక్ష్మంగా గాయపరచి, మానే క్రమంలో కొత్త కొల్లాజెన్ పుట్టించే సూదుల చికిత్స, లేజరు గురించి ఆమె వివరించారు గానీ, గాయం మానిన చోట నల్లమచ్చ పడే అవకాశం నా రంగు చర్మానికి ఎక్కువ కావడంతో ప్రస్తుతానికి వద్దనుకున్నాను. ట్రెటినాయిన్ మానేస్తే వచ్చిన ఫలితం క్రమంగా తగ్గిపోతుంది కాబట్టి, రాత్రి విడిచి రాత్రి వాడకాన్ని అలాగే కొనసాగిస్తున్నాను.