మఠం వేసుకుని కూర్చోవడం రాకుండానే యోగాలో చేరాను

బిగినర్స్ బ్యాచ్ అయిపోయింది. రేపటి నుంచి మామూలు బ్యాచ్‌లోకి వచ్చేయమన్నారు మా మేడమ్. ఆ సంతోషం చల్లారకముందే రాసేస్తున్నా, ఎందుకంటే నేల మీద కూర్చోలేక యోగా మనకెందుకులే అని ఊరుకున్నవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు.

చేరడం అసలు పనే కాదు. ఫోన్ చేస్తే టైమింగ్స్ చెప్తారు, ఒక ట్రయల్ క్లాసు ఇస్తారు, ఫారం నింపాలి, ఫీజు కట్టాలి, మ్యాట్ కొనుక్కోవాలి. కడుపు ఖాళీగా ఉండాలి, కడుపునిండా తింటే మూడు నాలుగు గంటలు ఆగి వెళ్లాలి. వదులు బట్టలు వేసుకోవాలి. అంతే.

నాకు గండం ఎక్కడంటే కూర్చోవడం దగ్గర. ఆసనాలు కూడా కాదు, క్లాసు మొదలయ్యే ముందు అందరూ మఠం వేసుకుని కళ్లు మూసుకుంటారు చూడండి, అక్కడే. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని కంప్యూటర్ చూసే ఉద్యోగం నాది. కింద కూర్చుంటే రెండు మోకాళ్లూ గాల్లోకి లేస్తాయి, నడుం వెనక్కి వాలిపోతుంది, పడిపోకుండా చేతులతో మోకాళ్లు పట్టుకుని వేలాడుతుంటాను.

మొదట చేరింది పెద్ద సెంటర్. గోడంతా అద్దాలు, మైకు, బ్యాచ్ నిండా జనం. మొదటి రోజే ప్రాణాయామం మధ్యలో ఆపి సార్ మైకులోనే "ఏమ్మా, అంతేనా? ఇంకా కిందికి రావా మోకాళ్లు?" అన్నారు. కళ్లు మూసుకున్న వాళ్లందరూ తెరిచి చూశారు. తర్వాత వెనక్కి వచ్చి, అడగను కూడా అడగకుండా రెండు చేతులూ నా మోకాళ్ల మీద పెట్టి నొక్కారు. నేను అరిచాను. "నొప్పి పుడితేనే వంగుతుందమ్మా, పదేళ్ల కింద రావాల్సింది మీరు" అన్నారు, కొందరు నవ్వారు కూడా. ఆ తర్వాత ఎవరైనా బద్ధకించినా, ఆలస్యంగా వచ్చినా, "ఇలాగే ఉంటే ఆవిడలా అవుతారు" అని నన్ను చూపించడం ఆయనకి అలవాటైపోయింది. కొన్నాళ్లకి తలుపు పక్కన చెప్పుల స్టాండ్ దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి అందులో కూర్చోమన్నారు. కుర్చీలో చేసే యోగా కూడా ఉంటుంది, అది నేర్పితే సంతోషమే, కానీ కూర్చోబెట్టి వదిలేశారు, నేర్పింది ఏమీ లేదు.

వీటన్నిటికంటే మనసు విరిగిపోయింది ఫొటో రోజున. సెంటర్ పేజీలో పెట్టడానికి అందరినీ పద్మాసనంలో కూర్చోబెట్టి ఫొటో తీస్తున్నారు. నేనూ ఒక పక్కన కాళ్లు చాపుకుని కూర్చున్నా. ఫొటో తీసే అబ్బాయి సార్‌ని చూశాడు, సార్ నన్ను చూసి "అమ్మా, మీరు కాస్త ఫ్రేములోంచి బయటికి వస్తారా, లైన్ బాగుండాలి కదా" అన్నారు. లేచి చెప్పులేసుకుని వచ్చేశాను. ఫీజు కట్టిన మనిషిని ఫొటోలోంచి కూడా తీసేస్తారా! మా ఆయన "వదిలెయ్, వాకింగ్ చెయ్" అన్నారు. వదిలేసేదాన్నే, ఆయన అలా అనకపోతే.

ఇప్పుడున్నది మా వీధికి దగ్గర్లోనే, ఒక ఇంటి పై అంతస్తులో. అద్దాలు లేవు. వెళ్లగానే ఇచ్చిన ఫారంలో పాత దెబ్బలు, ఆపరేషన్లు, బీపీ, కళ్ల సమస్యలు, అన్నీ అడిగారు. చివర్లో, సరిచేయడానికి మిమ్మల్ని తాకవచ్చా లేదా అని ఒక ప్రశ్న ఉంది. అక్కడ చాలాసేపు పెన్ను ఆగిపోయింది నాకు. మ్యాట్ దగ్గర ఒక చిన్న కార్డు కూడా ఉంటుంది, ఆ రోజు తాకొద్దు అనుకుంటే తిప్పి పెడితే చాలు, ఎవరూ కారణం అడగరు.

నేను కూర్చోబోతుంటే మేడమ్ చూసి, రెండు దుప్పట్లు మడిచి తెచ్చి "వీటి అంచు మీద కూర్చోండి" అన్నారు. కూర్చున్నా. మోకాళ్లు దిగాయి! పూర్తిగా నేలకి కాదు, తుంటి కంటే కిందికి. నడుం దానంతట అదే నిలబడింది. తొడల వెనక కండరాలు, తుంటి చుట్టూ కండరాలు బిగుసుకుపోతే కటి ఎముక వెనక్కి తిరిగిపోతుందట, దాంతో వెన్ను గుండ్రంగా వంగిపోతుంది. కూర్చునే చోటు ఎత్తు పెంచితే కటి ముందుకి వాలుతుంది, మిగతాది అదే సర్దుకుంటుంది. ఇంత చిన్న సంగతి. రెండు దుప్పట్లు!

మరి మోకాళ్లు నొక్కితే ఏమవుతుందో కూడా ఆవిడే చెప్పారు. మోకాలు ప్రధానంగా తలుపు బందులా ముందుకీ వెనక్కీ మడిచే కీలు. మఠం వేసుకోవడానికి కాలు బయటికి తిరగాల్సింది తుంటి కీలులో. అక్కడ తిరగనప్పుడు పైనుంచి నొక్కితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది, లోపలుండే మెత్తటి మృదులాస్థి దెబ్బతినొచ్చు. తుంటి గుంత లోతు, తొడ ఎముక తిరిగి ఉండే తీరు మనిషి మనిషికీ వేరు, అందుకని కొందరికి ఎంత సాధన చేసినా పద్మాసనం రాదు, రావాల్సిన పనీ లేదు. "మీరు వేయకపోయినా నష్టం లేదండీ" అన్నారు మేడమ్, చాలా మామూలుగా. ఎన్నేళ్ల బరువో దిగింది నాకు.

నొప్పి పుడితేనే యోగా అనేవాళ్లకి ఒక మాట. పతంజలి యోగసూత్రాలు దాదాపు రెండు వందలుంటే, ఆసనం గురించి చెప్పినవి మూడే, రెండో అధ్యాయమైన సాధన పాదంలో 46 నుంచి 48 వరకు. వాటిలో అడిగింది కదలకుండా, హాయిగా ఉండటం. మోకాళ్లు నొక్కమని లేదు. బెల్టులు, చెక్క దిమ్మెలు, దుప్పట్లు వాడితే అది నిజమైన యోగా కాదని ముఖం చిట్లించేవాళ్లూ ఉన్నారు. వాటిని ప్రపంచమంతా వాడేలా చేసింది యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014). చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ పడ్డ మనిషి ఆయన. ఒంట్లో బాగోకపోవడం అంటే ఏమిటో తెలిసినవాడికే అలాంటివి తోస్తాయి.

మిగతా క్లాసు గురించి పెద్దగా చెప్పేది లేదు. ముందుకి వంగేటప్పుడు మోకాళ్లు మడుచుకోవచ్చు, చేతులూ కాళ్లూ నేలకి ఆనించి నడుం పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో మడమలు నేలకి తగలకపోయినా పర్వాలేదు, ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో మాత్రం రెండో పాదాన్ని మోకాలి మీద ఆనించకూడదు, పైనన్నా కిందన్నా పెట్టాలి. శవాసనంలో నేను గురక పెట్టానట, పక్కన పెద్దావిడ చెప్పింది. "రోజూ ఎవరో ఒకరు పెడతారులే తల్లీ" అంది. ఇప్పుడు ప్రాణాయామం మొత్తం దుప్పటి మీద కదలకుండా కూర్చుంటున్నా, అది కూడా ఒక్క దుప్పటి మీద. మా ఆయన కూర్చోలేరు. అడిగితే పేపరు చదువుతున్నట్టు నటిస్తారు.

చేరాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇంతే, ట్రయల్ క్లాసులో టీచర్ చేసే ఆసనాలు చూడకండి, వెనక వరసలో చేయలేకపోతున్న మనిషితో ఆ టీచర్ ఎలా మాట్లాడుతున్నారో చూడండి. బీపీ గురించి అడగకుండానే అందరిచేతా కపాలభాతి, అంటే పొట్ట లోపలికి లాగుతూ ఊపిరిని గబగబా వదిలే ప్రాణాయామం, చేయించేస్తుంటే వచ్చేయండి. హైబీపీ, హెర్నియా, గర్భం ఉన్నవాళ్లు అది చేయకూడదు. ఆ పెద్ద సెంటర్‌లో ఒక్కసారి కూడా అడగలేదు. జూన్ 21 దగ్గర పడ్డప్పుడు ట్రయల్‌కి వెళ్లకండి, యోగా దినోత్సవం సందడిలో ఏ సెంటరైనా బాగానే కనిపిస్తుంది. మరీ మందంగా ఉన్న మ్యాట్ కొనకండి, ఒంటికాలి మీద నిలబడితే ఊగుతుంది.

ఫీజు మాత్రం నెలకోసారే కట్టండి. ఏడాదికి కలిపి కడితే తగ్గిస్తామంటారు, నేను మొదటి చోట అలాగే కట్టాను. మిగిలిన డబ్బు అడిగితే "రిఫండ్ ఉండదమ్మా, కావాలంటే మీకు తెలిసినవాళ్లకి ట్రాన్స్‌ఫర్ చేసుకోండి" అన్నారు. అంత కోపం నాకు ఎవరి మీదా లేదు, ఆ పాస్ అలాగే పడి ఉంది.