నీతో కచ్చి, బొరుగూ

ధనుర్మాసంలో తిరుచానూరులో తెల్లవారుజామున లేవడానికి అలారం అక్కర్లేదు. ఆ నెలంతా కొండ మీద స్వామికి సుప్రభాతం బదులు తిరుప్పావైతో మేలుకొలుపు. కింద మా వీధిలోనూ మైకులో అదే వినిపిస్తుంది. నా చిన్నప్పుడు ఆ పాశురాలు వింటూ, ముగ్గు వేసే అమ్మ పక్కన శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. నా పిల్లలకూ ఆ పొద్దులు చూపించాలనే రెండేళ్ళకోసారి మెల్‌బోర్న్ నుంచి డిసెంబరు సెలవులకు వస్తాం. ఈసారి మాత్రం పాశురం కంటే ముందే మా చిన్నోడి కేక వినిపించేది. దుప్పటి కింద వాడి కాలి వేలు కదిలితే చాలు, బొరుగు ఎగిరి దూకి పళ్ళతో పట్టేసేది.

బొరుగు ఒక పిల్లికూన. మేం రావడానికి రెండు రోజుల ముందు మా అన్న కొడుక్కి కట్టెల మోపు వెనక దొరికింది. తల్లి జాడ లేదు. మరమరంలా తెల్లగా, అరచేతిలో పట్టేంత ఉంటే అమ్మ ఆ పేరు పెట్టింది. అప్పటికి దానికి ఏడు వారాలు ఉంటాయేమో. మా పాపకు తొమ్మిదేళ్ళు, చిన్నోడికి ఆరు. మెల్‌బోర్న్‌లో మాది అద్దె ఇల్లు, ఇంట్లో ఒక జంతువు ఉండడమనేది వాళ్ళకు ఎన్నాళ్ళ కోరికో. బొరుగును చూశాక ఇంక చుట్టాలు ఎవరొచ్చినా వాళ్ళ కంటికి ఆనలేదు.

పిల్లికూన కొరకడం దాని తప్పు కాదు. కదిలేదాన్ని పట్టుకోవడం దానికి ఆటా, వేట నేర్చుకోవడమూ రెండూ. తోబుట్టువులతో పెరిగిన కూనకు ఒక లెక్క తెలుస్తుంది. గట్టిగా కొరికితే అవతలిది కీచుమని ఆట మానేసి పోతుంది. అట్లా ఆటలు పోగొట్టుకుని పోగొట్టుకుని, పళ్ళు ఎంత నొక్కాలో నేర్చుకుంటుంది. అందుకే కనీసం ఎనిమిది వారాలు, కుదిరితే పన్నెండు వారాలు తల్లి దగ్గరే ఉంచాలంటారు. బొరుగుకు ఆ బడి దొరకలేదు. దానికి దొరికింది మా ఇల్లు. మా అన్న మంచం మీద పడుకుని దుప్పటి కింద వేళ్ళు ఆడించేవాడు, అది దూకి కొరికేది, అందరం నవ్వేవాళ్ళం. మనిషి చెయ్యి అంటే కొరికే బొమ్మ అని దానికి మేమే చేతులారా నేర్పించాం.

ఐదో రోజు చిన్నోడి చూపుడు వేలి మీద రెండు రక్తపు చుక్కలు కనిపించాయి. అమ్మ పసుపు డబ్బాతో పరిగెత్తుకొచ్చింది. నేను వద్దని ఆపి, వాణ్ణి కుళాయి దగ్గరికి ఎత్తుకెళ్ళాను. సబ్బు రుద్ది, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. ఏడుస్తున్న ఆరేళ్ళవాడి చేతిని అంతసేపు నీళ్ళ కింద పట్టి ఉంచడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. పాప పక్కన నిలబడి గోడ గడియారం చూస్తూ నిమిషాలు లెక్కపెట్టింది. అది తెలుగులో లెక్కపెడుతోందని నాకు పదకొండో నిమిషంలో గానీ తట్టలేదు.

తర్వాత ఆసుపత్రి. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఒక మందు, రెండు భుజాలకూ టీకా వేశారు. మళ్ళీ 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు రమ్మన్నారు. పిల్లిని పది రోజులు కనిపెట్టుకుని ఉండమన్నారు. "ఇంట్లో పిల్లే కదా, చిన్న గాటే కదా" అని మా వాళ్ళు అంటూనే ఉన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడితే మనిషి దాదాపు దక్కడు. అలాంటి జబ్బు దగ్గర గాటు చిన్నదా పెద్దదా అని చూసుకుంటూ కూర్చోకూడదు. ఆస్ట్రేలియాలో కుక్కలకూ పిల్లులకూ రేబిస్ లేదు. వీధి కుక్క కనిపిస్తే ఒక అడుగు పక్కకు వెయ్యడం మనకు నడకతోనే వస్తుంది. అక్కడ పుట్టిన పిల్లలకు ఆ భయం తెలియదు, కనబడిన ప్రతిదాన్నీ నిమరబోతారు. బయలుదేరే ముందే ముందస్తు టీకా గురించి అక్కడి డాక్టరును అడిగి ఉండాల్సింది. నేను అడగలేదు. పిల్లలతో ఊరికి వచ్చేవాళ్ళు దయచేసి అడగండి.

ఆ రాత్రి నాన్న భోజనం దగ్గర, "దాన్ని యాడన్నా వదిలేసి రండిరా" అన్నాడు. పిల్లలిద్దరూ ముద్ద మింగలేదు. చివరికి నాన్నే మెత్తబడ్డాడు. మేం తిరిగి వెళ్ళేలోపు కొరకడం మానితే ఉంటుంది, లేకపోతే లేదు. మాకు ఉన్నది అయిదు వారాలు.

పాప మరుసటి రోజే అట్టముక్క మీద స్కెచ్ పెన్‌తో "చేయి బోమ్మ కాదు" అని రాసి ఫ్రిజ్‌కు అంటించింది. శనివారాల తెలుగు క్లాసులో రెండేళ్ళు కూర్చోబెట్టినా తనంతట తాను ఒక్క వాక్యం రాసింది లేదు. ఆ దీర్ఘం నేను సరిచెయ్యలేదు.

చెయ్యి బొమ్మ కాదంటే, బొమ్మ ఇంకొకటి కావాలి. మెల్‌బోర్న్‌లో అయితే అంగడికి పోయి ఈకలు కట్టిన కర్ర కొనేవాళ్ళం. ఇక్కడ పెరట్లో కొబ్బరి చెట్టు ఉంది. నాన్న పొడుగాటి ఈనె చీల్చి, దాని కొసకు అమ్మ పాత చీర అంచు కట్టిచ్చాడు. దాన్ని నేల మీద పురుగులా పాకిస్తే బొరుగు నడుం ఊపి దూకేది. ఈనె పొడుగు వల్ల పళ్ళకూ చేతికీ మధ్య మూరెడు దూరం ఉండేది. పొద్దున ఒక పది నిమిషాలు, సాయంత్రం దీపాల వేళ ఒక పది నిమిషాలు, వెంటనే తిండి. పిల్లికి తెల్లవారుజామూ సందెవేళా హుషారు. వేటాడి, తిని, ఒళ్ళు నాక్కుని పడుకోవడం దాని క్రమం. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి ఆడించి తిండి పెట్టడం మొదలుపెట్టాక చిన్నోడి కాలి వేళ్ళు తెల్లవారేదాకా క్షేమంగా ఉన్నాయి. తిండి అంటే అమ్మకు పెరుగన్నమే. పిల్లికి మాంసం లేకుండా కుదరదని చెప్పి ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. మా వదిన ఉప్పూ కారం లేకుండా కోడి ముక్కలు ఉడికించి ఇచ్చేది.

ఇంకొకటి మాకు కష్టంగా అనిపించింది. కొరికినప్పుడు చెయ్యి లాక్కోకూడదు. లాగితే పారిపోయే ఎలుక అనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, చర్మమూ చీలుతుంది. చెయ్యి కదపకుండా ఉంచాలి. వదిలాక మెల్లగా తీసుకుని, ఆట ఆపెయ్యాలి.

కానీ అమ్మ పద్ధతి వేరు. కొరికితే ముక్కు మీద వేలితో ఒకటి కొట్టేది. "ఒకటి తగిలితే బుద్ధి వస్తాది పాపా. మిమ్మల్ని పెంచలా?" అనేది నాతో. రెండు రోజుల్లోనే బొరుగు మారింది. ఎవరి చెయ్యి దగ్గరికొచ్చినా చెవులు వెనక్కి అణిచి, తోక టపటపా కొట్టి, ముందే కొరికేది. మూడోసారి అమ్మ వేలు లేచినప్పుడు మా పాప "డోంట్ హిట్ హర్!" అని అరిచింది. వంటింట్లో అందరూ ఆగిపోయారు.

నాకు రెండు కోపాలు ఒకేసారి వచ్చాయి. అవ్వ మీద గొంతెత్తినందుకు పాప మీద, అంత చిన్న ప్రాణాన్ని కొట్టినందుకు అమ్మ మీద. నేను దెబ్బలు తినే పెరిగాను. అమ్మ ప్రేమ మీద నాకు ఏనాడూ అనుమానం లేదు. అయినా నా పిల్లల మీద నేను చెయ్యి ఎత్తను. ఎందుకో అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే "నువ్వు తప్పుగా పెంచావు" అన్నట్టు వినిపిస్తుందేమోనని, ఊరికి వచ్చిన ప్రతిసారీ ఆ మాట మింగేస్తూ వచ్చాను. ఆ మధ్యాహ్నం మొదటిసారి అనిపించింది, నేను మింగిన మాటే నా కూతురు అరిచిందని. పాపను పెరట్లోకి తీసుకెళ్ళి ఒక్కటే చెప్పాను. అవ్వతో వాదించొద్దు, ఏదైనా అడగాలంటే తెలుగులో, నెమ్మదిగా అడుగు.

అది సాయంత్రం దాకా మాటలు కూర్చుకుంది. అమ్మ చిక్కుడుకాయలు వలుస్తుంటే పక్కన కూర్చుని, "అవ్వా, నీ దగ్గర ముందు పిల్లి ఉందా? దాని పిల్లలు అమ్మను కొరికితే, అమ్మ ఏం చేసింది?" అని అడిగింది.

అమ్మ చేతులు ఆగాయి. "మా అమ్మగారింట్లో ఆవుల కొట్టంలో ఒకటి ఉండేది తల్లీ. పాలు తాగతా కొరికితే లేచి పొయ్యేది. ఎప్పుడన్నా పంజాతో ఒకటి తట్టేది, గోళ్ళు తియ్యకుండా. కానీ శానాసార్లు అట్లా లేచి పొయ్యేది, అంతే. పిల్లలు అరస్తా వెనకాల పొయ్యేవి." కాసేపు వలిచి మళ్ళీ తనే అంది. "మేమూ అంతే కదా. ఎవురన్నా గిల్లితే కచ్చి కొట్టి పొయ్యేవాళ్ళం."

"కచ్చి అంటే?"

చిటికెన వేలు చూపించి, మొహం తిప్పుకుని, "నీతో కచ్చి, పో" అని చేసి చూపించింది మా అమ్మ, 68 ఏళ్ళ వయసులో. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ రోజు నుంచి మా ఇంటి రూలు అదే. బొరుగు పళ్ళు తగిలితే చెయ్యి కదలనివ్వకుండా ఉంచి, వదలగానే "కచ్చి" అని లేచి, వీపు తిప్పి నిలబడాలి. అరవకూడదు, కొట్టకూడదు. అర నిమిషం తర్వాత మళ్ళీ ఈనె తియ్యాలి. నాన్న, అన్న, వదిన, పాలు పోసే ఆమె, అందరూ పాటించాలి. ఒక్కరు వేళ్ళతో ఆడించినా మిగతా అందరి కష్టమూ పోతుంది, ఎందుకంటే ఏ చెయ్యి కొరకొచ్చో ఏది కొరకకూడదో దానికి తెలియదు. అన్నే అందరికంటే ఆలస్యంగా దారికొచ్చాడు. దుప్పటి ఆట మానుకోవడం వాడికి నిజంగా కష్టమైంది.

ఫలితం ఒక్కరోజులో రాలేదు. మొదటి వారం ఇల్లంతా కచ్చి మాటే. రెండో వారానికి బొరుగు కొరకబోయి ఆగి మా మొహాల వంక చూడడం మొదలైంది. పండక్కి ముందు నోట్లో వేలు పెట్టుకుని, నొక్కకుండా, నాకి వదిలేసింది.

సంక్రాంతికి ఇల్లు చుట్టాలతో నిండింది. ఒక పెద్దాయన ప్రేమతోనే చిన్నోడి బుగ్గ పట్టి గట్టిగా గిల్లాడు. అక్కడి బళ్ళో చిన్న క్లాసు నుంచే పిల్లలకు నేర్పే మాట ఒకటి ఉంది, ఎవరైనా ఇష్టం లేకుండా ముట్టుకుంటే "ఆపు, నాకు నచ్చలేదు" అనాలని. పోయినసారి మా పాప ఇంగ్లిష్‌లో అది అంటే, పెద్దవాళ్ళతో అట్లా మాట్లాడతావా అని నేనే దాని చేత సారీ చెప్పించాను. ఈసారి చిన్నోడు బుగ్గ రుద్దుకుని "నీతో కచ్చి తాతా" అని వీపు తిప్పి నిలబడ్డాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ అంది, "వాడికి నొప్పి పుట్టింది లే అన్నా." ఆయన కాసేపు చూసి, చెయ్యి చాపి, "పండా?" అన్నాడు, కచ్చి మాని కలిసిపోదామా అన్నట్టు. చిన్నోడు కొంచెం ఆలోచించి చెయ్యి కలిపాడు. పోయినసారి పాప చేత చెప్పించిన ఆ సారీ నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి దాని పక్కన పడుకుని, అప్పుడు నీదేం తప్పు లేదు అని చెప్పాను. "ఐ నో అమ్మా" అంది అది, నిద్రలోంచి.

కనుమ మరుసటి రోజు చిన్నోడి 28వ రోజు టీకా అయిపోయింది. అదే వారం వాడి ముందరి పన్ను ఊడింది. మెల్‌బోర్న్‌లో అయితే దిండు కింద పెట్టుకుంటే పొద్దునకు నాణెం ఉంటుంది. అమ్మ వాణ్ణి వాకిట్లో నిలబెట్టి, పన్ను మిద్దె మీదకు విసిరించింది. నాణెం ఏదని వాడు అడగలేదు. మూడుసార్లు మెట్లెక్కి, పన్ను ఎక్కడ పడిందో వెతికొచ్చాడు.

బయలుదేరే ముందు బొరుగుకు మూడు నెలలు నిండాయి. రేబిస్ టీకాకు అదే వయసు. తిరుపతి వెటర్నరీ కాలేజీ 1955 నుంచి ఉంది. ఒకప్పుడు మా తాత తన ఆవులను అక్కడికే తోలుకెళ్ళేవాడట. బొరుగును మూత ఉన్న వెదురు బుట్టలో పెట్టుకుని మేమూ అక్కడికే వెళ్ళాం. మాతో తీసుకెళ్దామని పాప చాలా ఏడ్చింది. ఇండియా నుంచి పిల్లిని నేరుగా ఆస్ట్రేలియాకు తీసుకెళ్ళనివ్వరు. ఆ నిబంధన ఎందుకో, చిన్నోడి వేలు గుర్తుచేసి చెబితే అర్థం చేసుకుంది. ఏడుపు మాత్రం ఆపలేదు.

నాన్న మాట నిలబెట్టుకున్నాడు. బొరుగు ఉంది.

నాలుగో నెలలో పిల్లులకు పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి, అప్పుడు చిగుళ్ళ దురదకు మళ్ళీ ఏదో ఒకటి కొరుకుతాయి. ఆ 26 పాలపళ్ళూ పోయి 30 గట్టి పళ్ళు వచ్చేలోపు అలవాటు పాడవకూడదని పాప ఫోన్లో అవ్వకు రోజూ గుర్తుచేసేది. అమ్మ తడిగుడ్డ ముడి వేసి ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇచ్చేది. ఈనెలు విరిగిపోతే నాన్న కొత్తవి చీలుస్తున్నాడు.

మార్చిలో ఒక ఆదివారం అమ్మ వీడియోలో అరచెయ్యి చాపింది. మధ్యలో బియ్యపు నూకంత తెల్లటి పన్ను. తడిగుడ్డకు అంటుకుని దొరికిందట. "దీన్ని ఏం చెయ్యమంటావు నాయనా?" అని అడిగింది.

చిన్నోడు ఫోన్‌కు మొహం ఆనించాడు. "మిద్దె మీదకు వెయ్యవ్వా. మెట్ల వైపు వెయ్యి, నాది అక్కడే ఉంది."