నారు ట్రేలకి కలుపు లేని కంపోస్టు

రెండు వారాలు దాటాక టమాటా, వంగ, మిరప నారు పోయాలి. అందుకే ఈరోజంతా కంపోస్టు పనే.

పొద్దున్నే కుప్ప నడుమ థర్మామీటరు గుచ్చితే 58 డిగ్రీలుంది. అంచుల్లో 35 కూడా లేదు. ఈ తేడా దగ్గరే కలుపు బతికిపోతుంది. చాలా రకాల కలుపు విత్తనాలు చావాలంటే 55 దాటిన వేడి రోజుల తరబడి ఆగకుండా తగలాలి. తిరగేసేటప్పుడు అంచుల్లోది నడుమకీ, నడుమది అంచులకీ చేరాలి, పైపైన కెలికితే చాలదు. పెద్ద ఎత్తున కంపోస్టు చేసేవాళ్ళు పాటించే లెక్క 55కి తగ్గకుండా 15 రోజులు, ఆలోపు ఐదు తిరగేతలు. కుప్ప ఏ వైపు కొలిచినా మీటరు లేకపోతే అంత వేడి నిలవదు. ఇంట్లో చిన్న డబ్బాల్లో మాగినది అంత వేడెక్కి ఉండదు. వర్మీకంపోస్టుని వేడెక్కనిస్తే వానపాములే చచ్చిపోతాయి. కాబట్టి ఈ రెండింట్లో కలుపు విత్తనాలు బతికే ఉన్నాయని అనుకుని పని మొదలుపెట్టడం మేలు.

నిరుడు మాగిన కంపోస్టుని 5 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాను. జల్లెడ పైన మిగిలిన పుల్లల్లో తుంగ గడ్డలు, గరిక కణుపులు ఉంటే ఏరి పారేయాలి, వాటిని మళ్ళీ కుప్పలో వేయకూడదు.

జల్లించినదాన్ని నీళ్ళు చల్లి రెండు రోజులు మూతపెట్టి ఉంచాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పొడిగా ఉన్న విత్తనం వేడిని బాగా ఓర్చుకుంటుంది. నీళ్ళు పీల్చి ఉబ్బి, లోపల ప్రాణం కదిలాక అదే వేడికి చస్తుంది. గుప్పెట్లో పిండితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు.

ఇలా మొన్న తడిపి పెట్టినదానికి మధ్యాహ్నం ఆవిరి పట్టాను. పెద్ద గిన్నె అడుగున రెండు అంగుళాల నీళ్ళు, అందులో స్టాండు, దాని మీద చిల్లుల పళ్ళెం, గుడ్డ పరిచి కంపోస్టు. మందం 10 సెంటీమీటర్లు దాటితే నడుమకి వేడి ఎక్కదు. నడుమ 80 డిగ్రీలకి చేరాక అరగంట లెక్కపెట్టాలి, పొయ్యి వెలిగించినప్పటి నుంచి కాదు. 90 దాటుతుంటే మంట తగ్గించాలి. మరీ కాగితే అమ్మోనియా, కరిగే మాంగనీసు పెరిగి లేత వేళ్ళు మాడతాయి. వాసన గట్టిగానే వస్తుంది, కిటికీలు తీసి ఉంచడం అవసరం. ఈ గిన్నె మళ్ళీ వంటకి వాడకూడదు.

పొయ్యి వద్దనుకునేవాళ్ళకి ఎండ ఉంది. తడి కంపోస్టుని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పలచగా పరిచి, మంచి ఎండాకాలంలో 4 నుంచి 6 వారాలు ఉంచాలి. మబ్బు రోజుల్లో దీన్ని నమ్ముకోలేం.

ఆవిరి పట్టాక జాగ్రత్త ఇంకా పెరగాలి. ఆ వేడికి మంచి సూక్ష్మజీవులు కూడా చాలావరకు పోతాయి. ఖాళీ అయిన చోట నారుకుళ్ళు తెచ్చే శిలీంధ్రం పడితే దానికి అడ్డుండదు. అందుకే ట్రేలు సబ్బుతో కడిగి ఆరబెట్టాను. చల్లారిన కంపోస్టుని మూత ఉన్న డబ్బాలో పెట్టాను. ఆరుబయట వదిలితే గాలికి కొట్టుకొచ్చిన విత్తనాలు మళ్ళీ పడతాయి.

విత్తనాలకి ఒట్టి కంపోస్టు మరీ ఘాటు. ఒక పాలు కంపోస్టు, ఒక పాలు కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు కడిగిన ముతక ఇసుక కలపాలి. కడగని కోకోపీట్‌లో ఉప్పు ఉండొచ్చు, దాంతో మొలక ఆగిపోతుంది.

సాయంత్రం ఒక చిన్న ట్రేలో ఈ మిశ్రమం నింపి, ఏ విత్తనమూ వేయకుండా తడిపి వెచ్చని చోట పెట్టాను. రెండు వారాల్లో అందులో ఏది లేచినా అది కలుపే. పక్కనే ఇంకో కుండీలో ముల్లంగి గింజలు పది వేశాను. నాలుగైదు రోజుల్లో ఎనిమిదైనా మొలిచి పచ్చగా నిలబడితే కంపోస్టు మాగినట్టే. మొలకలు పసుపెక్కినా, వేరు కొసలు గోధుమరంగుకి తిరిగినా ఈ కంపోస్టు ఇంకో నెల మాగాలి, నారు విత్తనాలు అప్పటిదాకా ఆగాలి.