పెట్టెకి 5, కాగితానికి 18: పర్లాకిమిడి నుంచి ఒక అర్జీ

మాది పర్లాకిమిడిలో చిన్న అట్టపెట్టెల యూనిట్. మిల్లుల నుంచి క్రాఫ్ట్ కాగితం రీళ్లు దిగుతాయి. వాటికి ముడత వేసి, గంజితో అతికించి, త్రీ ప్లై, ఫైవ్ ప్లై షీట్లు చేసి, కోసి, పిన్నులు కొట్టి పెట్టెలు కడతాం. సరుకు ఎక్కువగా పలాస, టెక్కలి వైపు జీడిపప్పు వాళ్లకి వెళ్తుంది. మిగతాది బరంపురంలో మిక్చర్లు, బిస్కట్లు చేసేవాళ్లకి. మేముండేది ఒడిశా, బేరమంతా ఆంధ్రాతో. మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వెళ్తే రాష్ట్రం మారిపోతుంది. ఇక్కడ పుట్టినవాడికి అదో వింత కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత అది. చుట్టరికాలకి ఆ గీత ఎప్పుడూ అడ్డు కాలేదు గానీ పన్నుల దగ్గరికొచ్చేసరికి గుర్తుపెట్టుకోక తప్పదు.

2025 సెప్టెంబరు 3న 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో 12, 28 శాతం పన్ను శ్లాబులు తీసేశారు. 5, 18 మిగిలాయి, కొన్నిటికి 40. సెప్టెంబరు 22 నుంచి అమలు. అట్టపెట్టెలు 12 నుంచి 5కి దిగాయని టీవీలో చెప్పగానే మా వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. నేను మాత్రం జాబితాలో కాగితం ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చున్నాను. కాగితం 12 నుంచి 18కి ఎక్కింది.

లక్ష రూపాయల కాగితం కొంటే ఇదివరకు 12 వేలు పన్ను కట్టేవాణ్ణి. దాంతో లక్షా 40 వేల పెట్టెలు అమ్మితే 16,800 వసూలయ్యేది. తేడా 4,800 ప్రభుత్వానికి కట్టి చేతులు దులుపుకునేవాణ్ణి. ఇప్పుడు అదే కాగితానికి 18 వేలు. పెట్టెల మీద వచ్చేది 7 వేలు. కొనుగోళ్ల మీద కట్టిన పన్నుని అమ్మకాల పన్నులో తగ్గించుకోవడాన్నే క్రెడిట్ అంటారు. అలా సర్దుకోగా మిగిలిన నా డబ్బు 11 వేలు క్రెడిట్ లెడ్జరులో అంకెలా కనిపిస్తూ ఉంటుంది, వ్యాపారం కోసం అప్పు వాడుకునే బ్యాంకు సీసీ ఖాతాలో మాత్రం దానికి వడ్డీ పడుతూ ఉంటుంది. నెలకి ఎన్ని లక్షల కాగితం తిరిగితే అంత ఇరుక్కుంటుంది. మా భాషలో దీన్ని ఇన్వర్టెడ్ డ్యూటీ అంటారు.

పైగా కొనేవాళ్లు, "జీఎస్టీ తగ్గింది కదా, రేటు తగ్గించు" అని మొదలుపెట్టారు. తగ్గింది మీకు, పెరిగింది నాకు అంటే నవ్వారు. జీఎస్టీ నంబరున్న వ్యాపారికి పెట్టె మీద పన్ను 5 అయినా 12 అయినా క్రెడిట్‌లో సర్దుకుపోయేదే, అసలు ధరతోనే వాళ్ల పని. ఆ సంగతి వాళ్లకీ తెలుసు. అయినా బేరం బేరమే.

అప్పుడు రెండు పనులు పెట్టుకున్నాను. ఒకటి, ఇరుక్కున్న డబ్బు వెనక్కి తెచ్చుకోవడం. రెండు, ఈ రేటు గురించి ఎవరికో ఒకరికి చెప్పడం. మొదటిదానికి దారి చట్టంలోనే ఉంది. రెండోదానికి దారి ఎక్కడుందో కనుక్కోవడమే పెద్ద పనయింది.

ముందు కేంద్రం ఫిర్యాదుల పోర్టల్లో రాశాను. రేట్లు జీఎస్టీ కౌన్సిల్ సిఫార్సు మీద నిర్ణయమవుతాయని మర్యాదగా జవాబిచ్చి మూసేశారు. తప్పు పట్టడానికేం లేదు, అది నిజమే. తర్వాత జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లాను. అక్కడి పెద్దాయన ఒడియాలో అన్నది తెలుగులో చెప్తున్నాను: "బాబూ, మేం దీన్ని పైకి పంపుతాం. మా పై శాఖ ఆర్థిక శాఖకి పంపుతుంది. కౌన్సిల్లో కుర్చీ ఉన్నది ఆర్థిక శాఖకే, పరిశ్రమల శాఖకి కాదు. నువ్వొక్కడివే సంతకం పెట్టి ఇస్తే ఏ బల్ల దగ్గర ఆగుతుందో నేను చెప్పలేను. మీ వాళ్లందరినీ కలుపుకుని రా. బాధ రాయకు, లెక్క రాయి."

ఆ మాట విన్నాక కౌన్సిల్ గురించి చదివాను. రాజ్యాంగం 279ఏ అధికరణం. ఓటింగు పెడితే కేంద్రానికి మూడో వంతు బరువు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. ఇన్నేళ్లలో ఓటు దాకా వెళ్లిన సంగతి ఒక్కటే నా కంట పడింది, 2019 డిసెంబరులో లాటరీ పన్ను. మిగతావన్నీ మాట్లాడుకుని తేల్చుకునేవే. ఆ మాటలకి సరుకు వారీగా సరంజామా తయారుచేసేది కేంద్ర, రాష్ట్ర అధికారులతో ఉండే ఫిట్‌మెంట్ కమిటీ. చిన్న పరిశ్రమకి అక్కడ కుర్చీ లేదు. మన కాగితం అక్కడికి చేరాలంటే ఏదో ఒక రాష్ట్రం మోయాలి, లేదా సంఘాల ద్వారా రెవెన్యూ శాఖలోని పన్ను పరిశోధన విభాగానికి వెళ్లాలి.

2024 జూన్‌లో ఇదే అట్టపెట్టెల మీద పన్ను 18 నుంచి 12కి తగ్గించింది కూడా కౌన్సిలే. హిమాచల్, జమ్మూకశ్మీర్ ఆపిల్ రైతులకి మేలని అప్పుడు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పారు. పెట్టె కొనేవాడి గోడు వినిపించింది, ఎందుకంటే వాడు రైతు, వాడి వెనక ఒక రాష్ట్రం ఉంది. పెట్టె చేసేవాడు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉంటాం. మా షెడ్డు ఎక్కడుందో పక్క వీధివాళ్లకే సరిగా తెలీదు.

పలాసలో మా బావకీ ఇదే వ్యాపారం. దసరాకి వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను.

"ఏటి బావా, ఒడిశాకి నువ్వొక్కడివే రాస్తున్నావా? నాదీ అదే ఏడుపు కదా. నేను అమరావతికి రాస్తాను."

"రెండూ ఒకటే కదా."

"ఎలాగవుతాయి? నీ రాష్ట్రానికో ఓటు, నా రాష్ట్రానికో ఓటు."

నాకు తట్టని మాట అది. సరిహద్దులో ఉన్నందుకు మొదటిసారి ఏదో లాభం కనిపించింది. ఒకే లెక్క, ఒకే డిమాండు, రెండు రాజధానులకి.

బరంపురం, రాయగడల్లో పెట్టెల వాళ్లని ఫోన్లో పట్టుకుని బరంపురంలో కూర్చోబెట్టాను. వచ్చినవాళ్లలో సగం మంది తెలుగువాళ్లే, వాదులాట మాత్రం మూడు భాషల్లో జరిగింది. ఒకాయన కాగితం కూడా 5 చేయాలన్నాడు. ఇంకొకాయన, "పెట్టెనే 18 చేసేయమందాం, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. వినడానికి వింతగా ఉంటుంది గానీ మా లెక్కకి అదీ సరిపోతుంది. కానీ పన్ను పెంచమని అడిగితే రేప్పొద్దున జీడిపప్పు వాళ్లు గుమ్మం తొక్కనిస్తారా? చివరికి కాగితం 5కే ఒప్పుకున్నాం. ఒక రాష్ట్రస్థాయి సంఘంలో సభ్యత్వం కట్టి, ఆ సంఘం లెటర్‌హెడ్ మీద రాయించాం. పెట్టెలు కొనే ఇద్దరు జీడిపప్పు వ్యాపారులతో కూడా సంతకాలు పెట్టించాను. మా ఖర్చు చివరికి వాళ్ల ధరలోకే వస్తుందని ఒప్పించడానికి పెట్టె ధర విడదీసి, కాగితమెంత, గంజి ఎంత, కూలి ఎంత, వడ్డీ ఎంత అని ముందు పెట్టాల్సొచ్చింది. ఏ తయారీదారుడూ ఇష్టపడి చేసే పని కాదది. వడ్డీ దగ్గర ఒకాయన వేలు పెట్టి, "ఇంతా?" అన్నాడు. అప్పుడు సంతకం పడింది.

ఆ కాగితం పట్టుకుని ఒక పన్నుల అధికారిని కలిశాం. మనిషి మంచివాడు, ఓపిగ్గా విన్నాడు. నోటుపుస్తకాలకి వాడే కాగితం మీద పన్ను 56వ సమావేశంలోనే సున్నా చేశారు కదా, పెట్టెలకి వాడే కాగితానికి అలా ఎందుకు కుదరదు అని అడిగాను. నేను తెచ్చిన పెద్ద వాదన అదే. ఆయన నవ్వి, "అది పెట్టుకునే ఇప్పుడు మా తల బద్దలవుతోంది" అన్నాడు. మిల్లు గేటు దాటిన రీలు నోటుపుస్తకం అవుతుందో ఇంకేమవుతుందో ఎవరు చూడాలి? వాడకాన్ని బట్టి రేటు పెడితే తనిఖీ కష్టం, తప్పుడు బిల్లులు తేలిక. అదీగాక, పూర్తిగా మినహాయిస్తే క్రెడిట్టే పోతుంది, వెనక్కి అడగడానికేం మిగలదని కూడా చెప్పాడు. అర్జీలో ఆ పేరా కొట్టేశాను. దాని బదులు ఆయనే ఒకటి సూచించాడు: రేటు మార్చలేకపోతే కనీసం రీఫండు పూర్తిగా వచ్చేలా చూడమని అడగండి.

ఆ మాట విలువ రీఫండు వేశాక తెలిసింది.

రీఫండు దరఖాస్తు ఆర్ఎఫ్‌డీ-01. ఆధార్ ధ్రువీకరణ అయి ఉండాలి, రిటర్నులన్నీ వేసి ఉండాలి, కొన్న బిల్లులు జీఎస్టీఆర్-2బీలో, అంటే మనకి అమ్మినవాళ్లు వేసిన రిటర్నుల నుంచి పోర్టల్ తయారుచేసే జాబితాలో కనిపించాలి. బిల్లుల జాబితా, సరుకు రకాన్ని చెప్పే హెచ్ఎస్ఎన్ కోడ్లతో సహా జతచేయాలి. మా కాగితం ఎక్కువ పక్క రాష్ట్రాల మిల్లుల నుంచి వస్తుంది కాబట్టి క్రెడిట్ చాలావరకు ఐజీఎస్టీలో, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద వేసే జీఎస్టీలో ఉంటుంది. మొదటిసారి ఆర్ఎఫ్‌డీ-03, అంటే లోపాల మెమో వచ్చింది. ఒక మిల్లు తన రిటర్ను ఆలస్యంగా వేయడంతో ఆ బిల్లు ఆ నెల 2బీలోకి రాలేదు. అది తీసేసి మళ్లీ మొదట్నుంచి కొత్త దరఖాస్తు వేయాలి, పాతదాన్ని దిద్దడం కుదరదు. ఆ మిల్లుకి ఫోను చేస్తే, "మీరు చిన్న పార్టీ కదా సార్, పెద్దవాళ్లవి ముందు వేస్తాం" అన్నారు. కనీసం అబద్ధం చెప్పలేదు.

రెండోసారి రసీదు వచ్చింది. ఇలాంటి రీఫండులో 90 శాతం ముందుగా ఇవ్వొచ్చని 56వ సమావేశంలోనే అన్నారు గానీ అది కంప్యూటరు రిస్కు లెక్క మీద ఆధారపడుతుంది. నాది ఏ గంపలో పడిందో గానీ ముందస్తు రాలేదు, చట్టం చెప్పిన 60 రోజుల గడువులోపు ఒకేసారి వచ్చింది.

వచ్చింది గానీ అంతా రాలేదు. పైన చెప్పిన లెక్కే తీసుకోండి. కాగితం మీద 18 వేలతో పాటు లారీ కిరాయి, షెడ్డు అద్దె, ఆడిటరు ఫీజు మీద ఇంకో 2 వేలు క్రెడిట్ ఉందనుకుందాం. మొత్తం 20 వేలు. అమ్మకాల పన్ను 7 వేలు పోతే 13 వేలు మిగలాలి. జీఎస్టీ నిబంధనల్లో రీఫండు లెక్క చెప్పే 89(5)లోని సూత్రం ప్రకారం సరుకుల క్రెడిట్‌కే రీఫండు, సేవలకి లేదు. అమ్మకాల పన్నుని రెండిటి మధ్యా పంచి తీసేస్తారు. వచ్చేది 11,700. మిగిలిన 1,300 లెడ్జరులోనే కూర్చుంటుంది, నెలనెలా దాని మీద మరికొంత చేరుతుంది. కొత్త మిషను కొంటే దాని మీద కట్టిన పన్నుకీ ఇదే గతి. ఈ సూత్రం న్యాయమేనా అని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2021 సెప్టెంబరులో వీకేసీ ఫుట్‌స్టెప్స్ కేసులో కోర్టు నిబంధన చెల్లుతుందనే చెప్పింది, సూత్రంలో లోపాలు కౌన్సిల్ చూడాలంది. 2022 జూలైలో సూత్రాన్ని సవరించారు. అంతకుముందు అయితే ఈ లెక్కలో నాకు 11 వేలే వచ్చేవి. ఆ 700 తెచ్చిపెట్టినవాళ్లు చెప్పులు చేసేవాళ్లని తెలిసి వాళ్లకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అందుకే అర్జీ తిరగరాశాం. ఇప్పుడు మొదటి కోరిక సేవల క్రెడిట్‌ని రీఫండులో కలపమని, రెండోది మిషన్ల పన్ను, మూడోది కాగితం రేటు. మొదటిదానికి శ్లాబులు కదపక్కర్లేదు, ఖజానాకి భారం తక్కువ, పైగా మాకే కాదు, ఇదే తంటాలో ఉన్న అందరికీ పనికొస్తుంది. కాబట్టి మిగతా సంఘాలు కూడా కలిసొస్తాయని ఆశ. వెనక ఒక్కో యూనిట్ పేరు లేకుండా, లక్ష కాగితానికి ఇంత ఇరుక్కుంటోందన్న పట్టిక ఒక్క పేజీ పెట్టాం. ఏడుపు వాక్యాలు ఎక్కడైనా మిగిలితే బావ ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.

మా ప్రతి సంఘం ద్వారా భువనేశ్వర్ వెళ్లింది, ఇంకా జవాబు లేదు. బావ వాళ్లకి అమరావతి నుంచి, "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని ఒక్క ముక్క వచ్చింది. దాని మీద నంబరుంది కాబట్టి, వచ్చే కౌన్సిల్ సమావేశం తేదీ ప్రకటించగానే ఆ నంబరు పట్టుకుని అడుగుతానంటున్నాడు. నేను ఈలోగా మరుసటి కాలం రీఫండుకి బిల్లులు సర్దుకుంటున్నాను. ఆలస్యం చేసే ఆ మిల్లు దగ్గర మాత్రం కాగితం కొనడం మానేశాను. కిలోకి కాస్త ఎక్కువైనా రిటర్ను టైముకి వేసేవాడి దగ్గరే తెస్తున్నాను.