పిల్లల వార్డులో నా డ్యూటీ

నవంబర్ వానల్లో మా పాపకి డెంగ్యూ వచ్చింది. ఉండేది చెన్నై వేళచ్చేరిలో, ఇక నీళ్లు నిలవడం, దోమల గురించి వేరే చెప్పాలా. అడ్మిట్ చేసిన సాయంత్రమే సిస్టర్ ఒక చార్టు, గీతలున్న కప్పు నా చేతికిచ్చి, పాప తాగిందీ, యూరిన్ పోసిందీ అన్నీ టైముతో సహా రాయమంది.

ఎందుకని డ్యూటీ డాక్టర్‌ని అడిగాను. డెంగ్యూలో జ్వరం తగ్గేటప్పుడే అసలు ప్రమాదమట, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది, అప్పుడు సెలైన్ తక్కువైతే బీపీ పడిపోతుంది, ఎక్కువైతే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. అందుకే యూరిన్ లెక్క అంత ముఖ్యం. రాత్రిపూట తడి డైపర్‌ని తూచి, పొడి డైపర్ బరువు తీసేసి, గ్రాముకి ఒక ఎం.ఎల్. చొప్పున రాసేదాన్ని. పగలు మావారి వంతు. ఆయనేమో "ఇడ్లీ తింది" అని రాసి నీళ్ల సంగతి వదిలేసేవారు, దాని మీద రోజూ గొడవే.

చుట్టాల ఫోన్లన్నీ ప్లేట్‌లెట్స్ ఎంత, ప్లేట్‌లెట్స్ ఎంత అనే. నెల్లూరు నుంచి అత్తయ్య బొప్పాయి ఆకు రసంతో బయల్దేరతానంటే, డాక్టర్ని అడక్కుండా ఏదీ పట్టొద్దత్తయ్యా అని ఆపాను. రౌండ్స్‌లో డాక్టర్లు ప్లేట్‌లెట్స్‌తో పాటు హీమాటోక్రిట్, అంటే రక్తం ఎంత చిక్కబడిందో చూస్తున్నారు. నేనూ దాని గురించే అడగడం మొదలుపెట్టాక సమాధానాలు వివరంగా వచ్చాయి.

సూది మార్చేటప్పుడు నన్ను బయటికి వెళ్లమన్నారు. వెళ్లలేదు. పాపకి తమిళం రాదు, పైగా భయం. ఒళ్లో కూర్చోబెట్టుకుని "నొప్పి పుడుతుంది, ఏడిస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదపకు" అన్నాను. నొప్పుండదని చెప్తే రెండోసారి నన్నెందుకు నమ్ముతుంది?

జ్వరం దిగిన రోజు అందరూ హమ్మయ్య అనుకుంటుంటే పాప కడుపునొప్పి అంటూ మగతగా పడుకుంది. చార్టు చూస్తే పొద్దుటి నుంచీ యూరిన్ లేదు. వెంటనే సిస్టర్‌ని పిలిచి చూపించాను, డాక్టర్ వచ్చి సెలైన్ పెంచి, మళ్లీ రక్తపరీక్షకి పంపారు. మర్నాటికి తేరుకుంది.

డిశ్చార్జ్ అప్పుడు చార్టులు, కేస్ షీట్ కాపీలు అడిగితే ఇవ్వడం కుదరదన్నారు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆ ముక్క రాసి లెటర్ పెట్టాక జిరాక్సులు ఇచ్చారు.