నాటమైసిన్‌కు లొంగని పుండు: పిథియం

పొలం మట్టి కంట్లో పడ్డాక కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) మీద తెల్లటి పుండు లేస్తే ముందు ఫంగస్ అనే అనుకుంటాం. పుండు నుంచి గీకిన నమూనాకు పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి చూసే కేఓహెచ్ స్లైడులో పోగులు కనిపిస్తాయి, ఫంగస్ మందైన నాటమైసిన్ 5 శాతం చుక్కలు గంటగంటకూ మొదలవుతాయి. వారమైనా పుండు పెరుగుతూనే ఉంటే పిథియంను అనుమానించాలి. అది ఫంగస్ కాదు, ఫంగస్‌లా కనిపించే వేరే సూక్ష్మజీవి. నాటమైసిన్ పట్టుకునేది ఫంగస్ కణపొరలోని కొవ్వు పదార్థమైన ఎర్గోస్టెరాల్‌ను. పిథియం కణపొరలో అది దాదాపు ఉండదు.

పుండు అంచునుంచి తీగల్లా సాగిన గీతలు, చుట్టూ గుండుసూది తలంత చుక్కలు పెద్ద ఆనవాళ్లు. స్లైడులో పోగులు రిబ్బన్లలా వెడల్పుగా, అడ్డుగోడలు అరుదుగా ఉంటాయి. అయోడిన్, సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే నీలినలుపుకు తిరుగుతాయి. పీసీఆర్ (జన్యుపదార్థ పరీక్ష)తో గానీ, కల్చర్‌లో జూస్పోర్లు (ఈదే బీజాలు) చూసి గానీ ఖాయం చేసుకోవాలి.

మందు యాంటీబయాటిక్ చుక్కలే: లినెజోలిడ్ 0.2 శాతం గంటకోసారి, తోడుగా అజిత్రోమైసిన్ 1 శాతం. స్టెరాయిడ్ చుక్కలు వద్దే వద్దు. తగ్గకపోతే పుండు కంటి తెల్లగుడ్డు దాకా పాకకముందే, చుట్టూ కనీసం 1 మిల్లీమీటరు మంచి భాగం కలిపి కోసి, కార్నియా మార్పిడి చేయాలి.